యూరియా బస్తాకు ఎన్ని యూనిట్ల కరెంటు?

ట్రాక్టరు బ్యాటరీని ఛార్జింగుకు పెడితే లోపల బుడగలు లేవడం రైతులకు తెలిసిందే. కరెంటు తగిలి నీరు విడిపోతే వచ్చే హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులే అవి. అందుకే మధ్య మధ్య డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తుంది. సౌర, పవన విద్యుత్తుతో ఇదే పనిని పెద్దఎత్తున చేసి తీసేదే గ్రీన్ హైడ్రోజన్.

రైతుకేం సంబంధం?

యూరియా, డీఏపీల తయారీకి అమ్మోనియా కావాలి. అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు దీన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. ఆ గ్యాసులో చాలా భాగం దిగుమతే. నీటి నుంచి తీయడం మనకు కొత్త కాదు. పంజాబులోని నంగల్ ఎరువుల కర్మాగారం 1960లలోనే భాక్రా జలవిద్యుత్తుతో ఇలా చేసింది. చిక్కల్లా కరెంటు ఖర్చుతోనే.

45 కిలోల యూరియా బస్తాకు లెక్క ప్రకారం నాలుగున్నర కిలోల హైడ్రోజన్ పడుతుంది. కిలోకు కనీసం 39 యూనిట్లు తప్పవు. కానీ యంత్రాలు 50 నుంచి 55 దాకా లాగుతున్నాయి. అంటే బస్తాకు 50 నుంచి 70 యూనిట్లు వృథా. ఇందులో పెద్ద వాటా ఎలక్ట్రోడ్ల దగ్గర, వాటి మధ్య ఉన్న ద్రావణంలో పోతుంది.

ఏం మార్చాలి?

ఎలక్ట్రోడ్ అంటే నీటికి కరెంటు అందించే లోహపు పలక.

* చదును పలకకు బదులు నికెల్‌ను జల్లెడలా, స్పాంజిలా చేస్తే నీరు తగిలే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది.
* బుడగలు పలకను పట్టుకుని ఉంటే అంతమేర పని సాగదు. అవి చిన్నవిగా ఉండగానే జారిపోయేలా పైభాగాన్ని, రంధ్రాలను తీర్చాలి.
* రెండు ఎలక్ట్రోడ్లను పలుచని పొరకు అటూ ఇటూ ఆనిస్తే, మధ్య దూరం తగ్గి కరెంటు ఆదా అవుతుంది.
* ఆక్సిజన్ వచ్చే వైపు కరెంటు ఎక్కువ తింటుంది. ఆమ్ల పద్ధతిలో అక్కడ ఇరిడియం వాడాలి, అది చాలా ప్రియం. క్షార పద్ధతిలో నికెల్, ఇనుము కలిసిన పూత చౌకగా సరిపోతుంది.

ఎండతోపాటు కరెంటు వచ్చిపోతుంటే యంత్రం ఆగుతూ నడుస్తూ ఉంటుంది. అయినా పూత ఊడకుండా ఏళ్లతరబడి నిలవాలి. అసలు పరీక్ష అదే. లవణాలున్న బోరు నీళ్లు నేరుగా పోస్తే ఎలక్ట్రోడ్లు పాడవుతాయి. శుద్ధి చేయాల్సిందే.

ముందు ఏ ఎరువుకు?

2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ తీయాలని కేంద్రం 2023లో లక్ష్యం పెట్టుకుంది. యూరియాకు అమ్మోనియాతోపాటు కార్బన్ డయాక్సైడు కూడా కావాలి. అందువల్ల డీఏపీ, కాంప్లెక్సు ఎరువుల్లో దీన్ని వాడుకోవడం తేలిక. యూనిట్లు ఎంత తగ్గితే ఎరువు ఖర్చు, దానిపై సబ్సిడీ భారం అంత తగ్గుతాయి.

జాగ్రత్త: హైడ్రోజన్ ఇట్టే అంటుకుంటుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించవద్దు. గదికి గాలి ఆడేలా చూసుకోండి.