పేగులో ఆగిపోతున్న చుక్కలు

1970ల మొదట్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి కాళ్లు చచ్చుబడిన పసివాళ్లను ఎత్తుకొచ్చేవారు. వాళ్లలో కొందరికి పోలియో చుక్కలు మూడుసార్లూ పడ్డాయి. మందు ఎండకు పాడై ఉంటుందని సర్దిచెప్పుకోవడం తేలిక. డాక్టర్ టి.జాకబ్ జాన్ అలా వదిలెయ్యలేదు. సరిగ్గా భద్రపరిచిన మందునే వేసి పిల్లల రక్తం పరీక్షించారు. అయినా చాలామందిలో రక్షణ పుట్టలేదు. లోపం మందులో లేదన్న ఆయన మాట చెవికెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

అమెరికాలో ఈ చుక్కలు మూడు డోసులు వేస్తే వందలో 95 మందికి పైగా రక్షణ వచ్చేది. పేద దేశాల్లో 1, 3 రకాల పోలియోపై అది సుమారు 70 దగ్గరే ఆగింది. ఉత్తర్‌ప్రదేశ్‌లో పరిస్థితి మరీ దారుణం. 2006లో వెలువడిన విశ్లేషణ ప్రకారం 1వ రకంపై ఒక్కో డోసు అక్కడ 9 శాతమే పనిచేసింది. దేశంలో మిగతాచోట్ల 21 శాతం. అందుకే ఒకే బిడ్డకు మళ్లీ మళ్లీ చుక్కలు వేయాల్సి వచ్చింది. ‘ఇన్నిసార్లు ఎందుకు?’ అని తల్లులు అడిగితే అది మూర్ఖత్వం కాదు, న్యాయమైన ప్రశ్న.

జవాబు పేగులో ఉంది. చుక్కల్లోని బలహీనపరిచిన వైరస్ పేగులో పెరిగితేనే శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. మురికినీళ్లు, కిక్కిరిసిన ఇళ్ల మధ్య పుట్టిన బిడ్డ పేగులో అప్పటికే వేరే వైరస్‌లు తిష్ఠ వేసి ఉంటాయి. పదేపదే సోకే సూక్ష్మజీవులతో పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌నూ అణిచేస్తాయి. అలాగని పాలు మాన్పించకూడదు: టీకా వేళకు కాసేపు పాలు ఆపి చూసిన ప్రయోగాల్లో లాభం కనిపించలేదు. వెల్లూరులోనే పిల్లలకు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. పేగులో బ్యాక్టీరియా తగ్గింది. పోలియో చుక్కల పనితీరు మాత్రం మెరుగుపడలేదు. ఏ ఒక్క కారణాన్నో తొలగిస్తే తెగే ముడి కాదిది.

రోటావైరస్ టీకాదీ ఇదే కథ. తొలి ఏడాదిలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను దక్షిణాఫ్రికాలో 77 శాతం ఆపిన టీకా, మలావీలో 49 శాతమే ఆపింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రొటావాక్ కూడా ఢిల్లీ, పుణె, వెల్లూరు పరీక్షల్లో 56 శాతం దగ్గరే నిలిచింది.

ఈ అంకెలు చూసి పెదవి విరిచేవాళ్లు ఒక లెక్క మరిచిపోతున్నారు. వందమంది పిల్లలకు టీకా వేస్తే దక్షిణాఫ్రికాలో దాదాపు నాలుగు తీవ్రమైన కేసులు తప్పాయి. మలావీలో దాదాపు ఏడు! జబ్బు ఎక్కువున్నచోట సగం పనిచేసే టీకా కూడా ఎక్కువమందిని కాపాడుతుంది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో రోటావైరస్ చుక్కలు మొదట అందుకున్న నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పోలియోనూ చివరికి గెలిచాం. 2005లో ఒకే రకంపై, 2010లో రెండు రకాలపై గురిపెట్టిన చుక్కలు వచ్చాయి. ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల ఓపిక వాటికి తోడైంది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడింది.

మంచినీరు, మరుగుదొడ్డి టీకా కార్యక్రమంలో భాగమేనని ప్రభుత్వాలు గుర్తించాలి. తల్లిదండ్రులు ఆరు, పది, పద్నాలుగు వారాల చుక్కల్లో ఒక్కటీ తప్పనివ్వకండి. ఏఎన్ఎం ‘మళ్లీ రండి’ అంటే, వెళ్లండి.