మెచ్చుకుంటే పోయేదేముంది!

లెక్కల్లో 92, తెలుగులో 88, హిందీలో 58. ప్రోగ్రెస్‌ కార్డు చేతికి రాగానే నాన్న వేలు ఎక్కడ ఆగుతుందో చెప్పక్కర్లేదు. 92 మీదికి చూపు వెళ్లినా ‘మిగతా ఎనిమిదీ ఏమయ్యాయి?’ అన్న ప్రశ్నే. ఎదురుగా పొగిడితే దిష్టి తగులుతుందని ఒక భయం, నెత్తికెక్కుతారని ఇంకోటి. తిట్టడానికి మాత్రం ఏ భయమూ అడ్డురాదు.

తిడితేనే దారికొస్తారన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 1960ల్లో ఇజ్రాయెల్‌ వైమానిక దళ శిక్షకులకు పాఠం చెప్పడానికి డేనియల్‌ కానెమన్‌ అనే సైకాలజిస్టు వెళ్లాడు. శిక్షించడం కన్నా మెచ్చుకోవడమే బాగా పనిచేస్తుందని ఆయన చెబుతుంటే ఓ సీనియర్‌ అడ్డు తగిలాడు. అది పక్షులకు పనికొస్తుందేమోగానీ పైలట్లకు కాదన్నాడు. విన్యాసం బాగా చేసిన కుర్రాణ్ని పొగిడితే మరుసటిసారి చెడగొడుతున్నాడు, చెత్తగా చేసినవాణ్ని కేకలేస్తే బాగుపడుతున్నాడు... ఇదీ ఆయన అనుభవం.

కానెమన్‌ నేలమీద సుద్దముక్కతో ఒక గురి గీశాడు. అందరినీ దానికి వీపు పెట్టి నిలబడి, చూడకుండా రెండేసి నాణేలు విసరమన్నాడు. మొదటిది గురికి దగ్గరగా వేసినవారిలో ఎక్కువమంది రెండోది దూరంగా వేశారు. మొదట దూరం వేసినవారు దగ్గరికొచ్చారు. ఎవరూ పొగడలేదు, ఎవరూ తిట్టలేదు! బ్రహ్మాండంగా చేసిన రోజు తర్వాత మామూలు రోజు రావడం సహజం, ఘోరంగా చేసినవాడు తనంతట తనే కాస్త కోలుకోవడమూ అంతే. మధ్యలో తిట్టు పేరు కొట్టేస్తుంది, మెచ్చుకోలు నింద మోస్తుంది. ఆ కానెమన్‌కే 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ వచ్చింది.

తిట్టు అసలే పనిచేయదా అంటే, కొన్నాళ్లు చేస్తుంది. 1925లో ఎలిజబెత్‌ హర్లాక్‌ బడిపిల్లలతో కూడికలు చేయించి చూసింది. మందలింపు తిన్నవాళ్లు మొదట పుంజుకుని తర్వాత జారిపోయారు. మెచ్చుకోలు అందినవాళ్లు మెరుగవుతూనే వచ్చారు.

అలాగని పొద్దస్తమానం ‘గుడ్‌ బాయ్‌’ అంటే అదీ అరిగిపోతుంది. ఏం చేశాడో ఆ పని పేరెత్తి, అప్పటికప్పుడు చెప్పాలి. ‘అడక్కుండానే చెల్లికి లెక్క చెప్పావురా, నాకు పని తప్పింది’ అంటే చాలు, వాడు మర్నాడూ పుస్తకం తీస్తాడు.

లంచం సంగతి వేరు. 1973లో అమెరికాలో బొమ్మలేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను ఎంచుకుని, కొందరికి వేస్తే సర్టిఫికెట్‌ ఇస్తామని ముందే ఆశపెట్టారు. కొన్నాళ్లకు వాళ్లే ఆ రంగు పెన్నుల జోలికి తక్కువగా వెళ్లారు. చెప్పకుండా చివర్లో ఇచ్చినవారికి మోజు తగ్గలేదు. ర్యాంకు తెస్తే సెల్‌ఫోన్‌ కొంటానని మాటిచ్చే తల్లిదండ్రులు ఇది గమనించాలి.

పెద్దవాళ్లకూ ఈ మెచ్చుకోలు సూత్రమే. ఏనాడూ వంటింట్లోకి రాని మొగుడు ఓ పూట గిన్నెలు తోమాడనుకోండి. ‘అడుగున జిడ్డు అలాగే ఉంది’ అంటే ఆ చెయ్యి మళ్లీ పీచు పట్టదు. ‘మేం ఏళ్లతరబడి తోముతున్నాం, మమ్మల్నెవరు మెచ్చుకున్నారు?’ అని ఆడవాళ్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఆ బాకీ ముందు తీర్చాలి. కూరలో ఉప్పు తగ్గినప్పుడు ఎలాగూ చెబుతాం, ఈ ఆదివారం సరిపోయిందని కూడా ఓ మాట చెప్పండి.