లెక్కల పుస్తకాలకూ అద్దె గిడ్డంగి

కోల్డు స్టోరేజిలో మిర్చి టిక్కీలకు అద్దె కట్టే వర్తకులకు ‘క్లౌడ్ కంప్యూటింగ్’ పద్ధతి కొత్తేమీ కాదు. సొంతంగా పెద్ద కంప్యూటర్లు కొనకుండా, వేరొకరి కంప్యూటర్లను వాడుకున్న మేరకు కిరాయి చెల్లించడమే ఇది. 2006లో ఈ వ్యాపారంలోకి దిగిన అమెజాన్, 2022 నవంబరులో హైదరాబాదులోనూ కేంద్రాలు తెరిచింది.

సీజనులో లావాదేవీలు పెరిగితే చోటు పెంచుకోవచ్చు, ముగిశాక తగ్గించుకోవచ్చు. పెట్టుబడి ఇరుక్కోదు. తగ్గించడం మరచితే మాత్రం బిల్లు ఆగదు.

నష్టభయమూ లేకపోలేదు. 2025 అక్టోబరు 20న అమెరికాలోని వర్జీనియా కేంద్రాల్లో లోపం తలెత్తి, పలు దేశాల్లో సేవలు గంటల తరబడి స్తంభించాయి.

కంప్యూటరులో లెక్కలు ఉంచే కంపెనీలు, రోజువారీ నకలును భారతదేశంలోని సర్వరులో భద్రపరచాలని 2022 ఆగస్టులో నిబంధన సవరించారు. కంపెనీలుగా నమోదుకాని వర్తకులు సైతం ఆవర్జా నకలు ఒకటి దుకాణంలో ఉంచుకోవడం క్షేమం.