పెన్న మొగలో రొయ్య, చలి సముద్రంలో రొయ్య

అమెరికా, యూరప్ అంగళ్లలో ఉడికించి వలిచి అమ్మే గులాబీరంగు చిట్టి రొయ్యలు చాలావరకు చలి సముద్రాలవి. నార్వే, గ్రీన్‌లాండ్, కెనడా తీరాల్లో దొరికే ఈ పాండలస్ బోరియాలిస్ జాతిని చెరువుల్లో పెంచరు, సముద్రంలో వేటాడాల్సిందే. నింపాదిగా ఎదుగుతుంది. మొదట మగదిగా ఉండి, కొన్నేళ్లకు ఆడదవుతుంది. అందుకని పెద్ద రొయ్యలనే ఏరి పట్టుకుంటూ పోతే తల్లులే మిగలవు.

అమెరికాలోని మెయిన్ తీరం ఈ జాతికి దక్షిణపు పొలిమేర. నీళ్లు వేడెక్కి రొయ్య తరిగిపోయేసరికి అక్కడ 2014లో వేట ఆపేశారు. ఆపినా అది కోలుకోలేదు. ఆరెగాన్‌లో కథ వేరు. అక్కడ దగ్గరి జాతి రొయ్యను పట్టేవాళ్లు వల అడుగు తాడుకు చిన్న పచ్చ లైట్లు కట్టి, వేరే చేపలు తప్పుకుపోయే దారి చూపిస్తున్నారు. మెరైన్ స్టివర్డ్‌షిప్ కౌన్సిల్ సర్టిఫికెట్ ప్రపంచంలో మొట్టమొదట అందుకున్న రొయ్యల వేట వాళ్లదే, 2007లో.

మన నెల్లూరు తీరపు రొయ్యకు ఆయుష్షు ఏడాదో రెండేళ్లో. టైగర్ రొయ్య, తెల్ల రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు ఏరు సముద్రంలో కలిసే మొగల గుండా ఉప్పుటేళ్లలోకి, పులికాట్ సరస్సులోకి వచ్చి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతాయి. అంత త్వరగా ఎదిగే జీవి వేటను కొంతవరకు తట్టుకుంటుంది గానీ, మొగ మూసుకుపోతే తట్టుకోలేదు. అనుమసముద్రంపేట, ఆత్మకూరు మెట్టలో పుట్టిన మనకు ఇందులో పాత్ర ఉంది. మన ఎగువన సోమశిలలో 78 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. అవి మన పైర్లకు కావాలి, కాదనను. కానీ పెన్నలో ధార సన్నగిల్లిన నెలల్లో మొగకు ఇసుక మేట అడ్డం పడుతుంది. సముద్రంతో మెట్టవాళ్లకేం పని అనే మాట నేను ఒప్పుకోను.

ఇక వల సంగతి. చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ట్రాల్ వలలో చిక్కితే, గాలి కోసం పైకి రాలేక చచ్చిపోతాయి. వలలో కమ్మీల జల్లెడ, దాని పక్కన బయటికి దారి పెట్టడమే టెడ్: రొయ్య లోపలికి పోతుంది, తాబేలు బయటపడుతుంది. అలాంటి వలలు వాడని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనకూడదని అమెరికా 1989లోనే చట్టం చేసింది. భారత్‌తో సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. ఉద్దేశం మంచిదే, అమలులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అక్కడ మళ్లీ తలుపులు మూసుకున్నాయి. అమెరికాలో ఉండే మనకు దొరికే భారత రొయ్య చెరువుల్లో పెంచిందే, ఎక్కువగా వెనామీ జాతిది.

మన నెల్లూరు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదని చట్టం ఉన్నా, అతిక్రమించేవాళ్ల వల్ల నష్టపోయేది నాటు పడవలవాళ్లు. టెడ్ బిగిస్తే కొంత రొయ్య కూడా జారిపోతుందని మరబోట్లవాళ్ల భయం. ఆ నష్టం వాళ్ల నెత్తిన మాత్రమే వేయడం అన్యాయం. తాబేలు చావని వలతో పట్టిన రొయ్యకు ఎగుమతిదారు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వాలి, అమెరికాలో కొనే మనమూ ఆ ధర పెట్టాలి.