ఏడాది పొడుగునా వదలని రొంప

పెనుమూడి: కార్తీక మాసం వచ్చిందంటే తెల్లవారకముందే కృష్ణ రేవులో స్నానాలకు జనం దిగుతారు. ఒడ్డుకు వచ్చి తల తుడుచుకుంటూ వుండగానే కొందరికి తుమ్ములు మొదలవుతాయి. ఒకటి కాదు, రెండు కాదు, వరసగా పది, పదిహేను. "మంచులో మునిగితే రొంప పట్టదా మరి" అని పక్కవారు నవ్వేస్తారు. రొంపయితే వారం పది రోజుల్లో పోవాలి. సంక్రాంతి వెళ్ళినా, మినుము ఇంటికి చేరినా పోకపోతే అది రొంప కాదు. ఒంటికి ఏదో సరిపడక వచ్చే జబ్బు. డాక్టర్లు దానిని ఎలర్జీ అంటారు.

పోల్చుకోవడం కష్టమేమీ కాదు. జ్వరం వుండదు. ముక్కు వెంట కారేది పచ్చగా చిక్కగా కాక, నీళ్ళలా వుంటుంది. కళ్ళు, ముక్కు, అంగిలి దురద పెడతాయి. పిల్లలయితే అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటూ వుంటారు. అలా రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది. ముక్కు దిబ్బడతో రాత్రంతా నోరు తెరుచుకొని పడుకున్న పిల్లవాడు బడిలో కునికిపాట్లు పడతాడు. మాస్టారు వాడిని సోమరి అంటారు. వాడి తప్పేముంది?

డెల్టాలో దుమ్ముకు కరువు లేదు. కోత మిషను చేలో తిరుగుతున్నప్పుడు లేచే దుమ్ములో ఊక నలుసులు, బూజు రేణువులు కలిసి వుంటాయి. ముక్కిపోయిన వరిగడ్డి వామి కదిపినప్పుడు మరీ ఎక్కువ. మినప కట్టె నూర్చేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. గట్ల మీద తెల్లగా పూసే వయ్యారిభామ పుప్పొడి కూడా చాలామందికి పడదు. 1950లలో పుణె దగ్గర మొదట కంటపడిన ఈ మొక్కనే కాంగ్రెసు గడ్డి అంటున్నాము. దానిని ఉత్త చేతులతో పీకితే చర్మం కూడా దద్దురెక్కుతుంది. వీటికి తోడు కట్టెల పొయ్యి, దోమల కాయిల్, చేలో తగలబెట్టిన గడ్డి పొగ అసలే మండుతున్న ముక్కును ఇంకా మండిస్తాయి.

ఇంట్లో వున్నా తప్పదు. పాత పరుపుల్లో, దిండ్లలో కంటికి ఆనని పురుగులు వుంటాయి. వాటి రెట్టే పడదు. నెలకోసారి పరుపులు ఎండలో వేసి దులిపే అలవాటు మన ముసలమ్మలకు వుండేది. ఇప్పుడు స్పాంజి పరుపులు వచ్చాక ఎవరు మోస్తున్నారు?

గొంతు బాధ దీని వెంటే వస్తుంది. ముక్కు వెనక నుంచి చీమిడి గొంతులోకి జారుతుంది. వెల్లకిలా పడుకుంటే మరీ జారుతుంది. తెల్లవారగానే ఖాండ్రింపు, గరగర, పొడిదగ్గు అందుకే. గొంతుకు ఎన్ని దగ్గు మందులు తాగినా, ముక్కు సంగతి చూడందే గొంతు బాగుపడదు. అయితే గొంతు గరగర అంతా ముక్కు పుణ్యమే అనుకోవడానికీ లేదు. రాత్రి పది గంటలకు గోంగూర పచ్చడితో కడుపు నిండా తిని వెంటనే మంచమెక్కే వారికి కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్ని కూడా ఇలాగే వుంటుంది.

ఈ విలేకరికి ఈ సంగతులు పుస్తకంలో చదివి తెలిసినవి కావు. మూడేళ్ళపాటు జేబులో కలంతోపాటు ముక్కు చుక్కల సీసా వుండేది. రెండు చుక్కలు వేస్తే నిమిషాల్లో ముక్కు తెరుచుకొనేది. మొదట రాత్రి పూట మాత్రమే వేసుకొనేవాడిని. తర్వాత ఆరు గంటలకోసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి. ఒక రాత్రి సీసా అయిపోతే పదకొండు గంటలకు రేపల్లె పోయి మందుల షాపు వారి ఇంటి తలుపు కొట్టవలసి వచ్చింది. చివరకు చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకుంటే, ఆయన సీసా చేతిలోకి తీసుకొని, "నీ ముక్కు మూస్తున్నది ఇదేనయ్యా" అన్నారు. ఈ చుక్కలు మూడు నుంచి అయిదు రోజులకు మించి వాడకూడదట. మించితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు లోపలి పొర ఇంకా వాస్తుంది. సీసా మానాక రెండు వారాలు నిద్ర లేదు. తర్వాత ముక్కు దానంతట అదే తెరుచుకొంది.

ఇంతకంటె ప్రమాదమయినది సూది. "ఒక్క సూది వేయించుకో, కోతలయ్యే దాకా తుమ్ము రాదు" అనే మాట పల్లెల్లో వినని వారుండరు. సాధారణంగా అది స్టెరాయిడ్ సూది. హాయిగా వుండే మాట నిజమే. పదే పదే వేయించుకుంటే చక్కెర, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి.

మూడోది రక్త పరీక్ష. "ఈసినోఫీలియా వుంది" అనే మాట మన జిల్లాలో ప్రతి రెండో ఇంట్లోనూ వినబడుతుంది. ఈసినోఫిల్స్ అనేవి రక్తంలో వుండే ఒక రకం తెల్ల కణాలు. ఎలర్జీ వున్నా పెరుగుతాయి, కడుపులో పురుగులున్నా పెరుగుతాయి. అవి బాగా ఎక్కువై, రాత్రిళ్ళు దగ్గు, ఆయాసం వుంటే ఫైలేరియా క్రిమి వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బేమో చూడాలి. దానికి వాడే డి.ఇ.సి. బిళ్ళ, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి 1940లలో వచ్చింది. మనవాడి మందు కదా అని ముక్కు ఎలర్జీకి మింగితే ఉపయోగం లేదు.

మరి ఏం చేయాలి? ఈ విలేకరికి పనికివచ్చిన వాటిలో అన్నిటికంటె చవకైనది ఉప్పు నీళ్ళు. ఒక గ్లాసు నీళ్ళు బాగా మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చి, పావు చెంచా పైన ఉప్పు, చిటికెడు వంట సోడా కలిపి, ఒక ముక్కు రంధ్రంలో పోస్తే రెండో దాని నుంచి వస్తుంది. తల పక్కకు వంచి, నోటితో ఊపిరి తీసుకోవాలి. యోగా చేసేవారు జలనేతి అనేది ఇదే. కాలవ నీళ్ళు, పంపు నీళ్ళు కాచకుండా ముక్కులో పోయనే కూడదు. నీటిలోని ఒక రకం అమీబా ముక్కు గుండా మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. కేరళలో 2024, 2025లలో ఈ జబ్బుతో మరణాలు సంభవించాయి.

మందుల్లో ముఖ్యమయినది ముక్కులో కొట్టుకొనే స్టెరాయిడ్ స్ప్రే. పేరు విని భయపడనవసరం లేదు. సూదిలా ఒళ్ళంతా పాకదు, ముక్కులోనే పని చేస్తుంది. అయితే చుక్కల మందులా వెంటనే తెరిపి ఇవ్వదు. రోజూ వాడితే కొద్ది రోజులకు మొదలై, పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాలు పడుతుంది. మూడు రోజులు కొట్టి, పని చేయలేదని పారేసేవారే ఎక్కువ. కొట్టేటప్పుడు తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో చెవి వైపుగా కొట్టాలి. మధ్య గోడకు తగిలితే నెత్తురు వస్తుంది. ఎన్నాళ్ళు వాడాలో డాక్టరు చెప్పాలి. తుమ్ములకు ఇచ్చే సెట్రిజిన్ బిళ్ళ నిద్ర తెస్తుంది. అది వేసుకొని ట్రాక్టరు ఎక్కకూడదు, మందు తాగకూడదు. దానితో మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ళ కూడా అమ్ముతున్నారు. దాని వల్ల కొందరికి పీడకలలు, దిగులు రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక చేసింది. అందుకని సొంతంగా కొనుక్కోరాదు.

పిల్లికూతలు, ఆయాసం తోడయితే ఉబ్బసం వుందేమో చూపించుకోవాలి. ముక్కు ఎలర్జీ వున్నవారికి అది వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గు రెండు వారాలు దాటితే ఎలర్జీయే అనుకొని కూర్చోకుండా ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా చేసే కఫ పరీక్ష చేయించుకోవాలి. చుట్ట కాల్చేవారికి గొంతు మూడు వారాలు బొంగురుపోయినా, ఎవరికయినా ఒక వైపు ముక్కే మూసుకుపోయి నెత్తురు పడుతున్నా ఆగరాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం వుంది.

ఈ విలేకరి ఇప్పుడు కోతలకు వెళ్ళేటప్పుడు తడిపిన తువ్వాలు ముక్కుకూ నోటికీ కట్టుకొని గాలికి ఎదురు కాని వైపు నిలబడుతున్నాడు. ఇంటికి రాగానే స్నానం, బట్టలు వేరుగా. "ఏం అబ్బాయ్, దొంగతనానికి బయలుదేరావా" అని గట్టు మీద బాబాయి వరస పెద్దాయన మొన్న నవ్వాడు. సాయంత్రానికి ఆయనే తుమ్ముతూ వచ్చి, తువ్వాలు ఎలా కట్టాలో అడిగి వెళ్ళాడు.