రెండో పానా

మా అబ్బాయికి పుట్టుకతో కుడిపాదం ఒక్కటే వంకర. అయినా పడుకోబెట్టేముందు రెండు కాళ్లకీ బూట్లు తొడిగి, వాటిని కలిపే కడ్డీని టక్కుమని బిగించేవాళ్లం. అప్పుడు ఐదో క్లాసు చదువుతున్న మా అమ్మాయి ఒకరోజు అడిగింది: "తమ్ముడికి బాగోలేనిది ఒక కాలేగా, రెండోదానికెందుకు నాన్నా ఈ గొడవ?" మా అమ్మ అయితే ఆ మంచి కాలిని నిమురుతూ "నువ్వేం పాపం చేశావే తల్లీ" అనేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే మనిషిని, నాకు జవాబు తట్టలేదు.

సైకిల్ షాపులో తట్టింది. కుర్రాడు నట్టు విప్పుతుంటే బోల్టు కూడా దానితోపాటే తిరుగుతోంది. విసుక్కుని, బోల్టు తలకి ఇంకో పానా వేసి అదిమిపట్టాడు. నట్టు కదిలింది.

మా వాడిది క్లబ్ ఫుట్. అలాంటి పాదం లోపలికీ కిందికీ మెలితిరిగి ఉంటుంది. అరికాలు రెండో కాలివైపు చూస్తుంటుంది. సరిచేశాక దాన్ని బయటికి 60, 70 డిగ్రీలు తిప్పి అలాగే నిలపాలి. కుడికాలికి ఒక్కదానికే, మోకాలిదాకా ఎంత గట్టి బూటు వేసినా ఏమవుతుంది? బూటూ పిక్కా కలిసి లోపలికి తిరిగిపోతాయి. బోల్టు తిరిగినట్టే. కడ్డీ వేస్తే సంగతి మారుతుంది. లోపలికి తిరగబోయే కుడిపాదం ముందు కడ్డీని తిప్పాలి, కడ్డీ తిరగాలంటే ఎడమకాలు ఒప్పుకోవాలి. అది ఒప్పుకోదు. మంచి కాలు శిక్ష అనుభవించడం లేదు, రెండో పానాగా డ్యూటీ చేస్తోంది. అందుకే దాని బూటుని 30, 40 డిగ్రీలకే తిప్పి ఉంచుతారు.

ఈ కడ్డీ తాత లండన్‌లో పుట్టాడు. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి సర్జన్ డెనిస్ బ్రౌన్ 1930లలో పసివాళ్ల పాదాలను రేకు పలకలకు పట్టీలతో అంటించి, పలకల్ని ఒక కడ్డీకి బిగించాడు. ఇక వైద్యం పిల్లాడే చేసుకుంటాడని ఆయన లెక్క. పిల్లాడు ఒక కాలు చాపితే కడ్డీ ఏటవాలవుతుంది, ముడుచుకున్న రెండో కాలి పాదం బయటి అంచు పైకి లేస్తుంది. మరుక్షణం రెండో కాలి వంతు. మోటారు అక్కర్లేదు, పసివాడి తన్నులే మోటారు. ఆ ఆలోచనంటే నాకు ఇప్పటికీ మోజే. కానీ బిగుసుకుపోయిన పాదాన్ని సరిచేయడానికి అది చాలలేదు.

సరిచేసే కిటుకు అమెరికాలోని అయోవాలో తేలింది. ఇగ్నేషియో పోన్సెటి స్పెయిన్ దేశపు మినోర్కా దీవివాడు, గడియారాలు బాగుచేసే ఆయన కొడుకు. అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన వైద్యం చేసి, దేశం వదిలి, 1941లో అయోవా చేరాడు. అప్పటికి అట్లాంటాకి చెందిన హైరమ్ కైట్ పిండికట్లకు పెద్దపేరు. కైట్ పాదం బయటి అంచు మధ్యలో బొటనవేలు ఆనించి ముందుభాగాన్ని తిప్పేవాడు. అక్కడ ఆనిస్తే మడమ ఎముకకు దారి మూసుకుపోతుందని కనిపెట్టినవాడు పోన్సెటి. తన బొటనవేలిని చీలమండ ముందు తగిలే తాలస్ ఎముక తల మీదికి మార్చాడు. దాన్ని ఆనుకుని పాదమంతటినీ బయటికి తిప్పితే, ఎవరూ ముట్టుకోని మడమ కూడా దానంతటదే సర్దుకుంటుంది. అక్కడి కీళ్లు విడివిడిగా తిరగవు, గడియారంలో పళ్లచక్రాల్లా ఒకదాన్ని కదిపితే మిగతావీ కదులుతాయి. గడియారాలవాళ్ల అబ్బాయికి ఇది కనిపించడంలో వింతేముంది అనిపిస్తుంది నాకు.

వారానికొక కట్టు, సాధారణంగా ఐదారు. చాలామందికి ఆఖర్లో మడమ వెనక స్నాయువుని చిన్న గాటుతో తెంపి, మూడు వారాల కట్టు వేస్తారు. ఆ మూడు వారాల్లో అది కాస్త పొడవుగా అతుక్కుంటుంది. ఇక పాదం చక్కగా ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. పాదాన్ని లోపలికి లాగిన లిగమెంట్ల స్వభావం కొన్నేళ్లపాటు పోదు, వదిలేస్తే మళ్లీ లాగేస్తాయి. పోన్సెటి బ్రౌన్ కడ్డీనే తెచ్చి దాని ఉద్యోగం మార్చాడు: సరిచేయడం కాదు, కాపలా. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా రాత్రిళ్లూ పగటి నిద్రల్లోనూ.

ఆ కాపలా ఇంట్లో ఎలా ఉంటుందో పుస్తకాల్లో రాయరు. చీర ఉయ్యాలలో కడ్డీ అడ్డం తిరిగి ఇరుక్కుంది, మర్నాడే ఉయ్యాల విప్పేశాం. మొదటి మూడు రాత్రులూ ఏడుపే. ఒక కాలు తన్నబోతే రెండోది అడ్డొస్తోందని వాడి కోపం. నర్సమ్మ కడ్డీ మధ్యలో పట్టుకుని రెండు మోకాళ్లూ ఒకేసారి ముడిచి, చాపి చూపించింది. అరగంట అలా ఆడిస్తే వాడికి పట్టుబడింది. నాలుగోరోజు నుంచి కడ్డీతో మంచం పట్టెని కొట్టడం నేర్చాడు, ఆ సొట్టలు ఇంకా ఉన్నాయి. ఒక తెల్లవారుజామున మాత్రం బూటు ఖాళీగా కనిపించింది. మధ్యపట్టీ నేను వదులుగా వేశాను. ఆ తర్వాత మడమ దగ్గరి రంధ్రంలోంచి టార్చి వేసి, చర్మం అడుగుకి ఆనిందో లేదో చూసిగాని పడుకునేవాణ్ణి కాదు.

ఆ రంధ్రం అయోవాలోనే జాన్ మిచెల్ చేసిన మెత్తటి బూట్లతో వచ్చింది. పోన్సెటి అడిగితే చేశాడు. ఉగాండాలో మిఖీల్ స్టీన్‌బీక్ అక్కడే దొరికే తోలూ ఇనుప కడ్డీతో చవక రకం తయారుచేశాడు. పోన్సెటి 1963లో ఫలితాలు అచ్చువేస్తే సర్జన్లు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పిల్లల తల్లిదండ్రులే ఒకరికొకరు చెప్పుకుని వ్యాప్తి చేశారు. ఇప్పుడు ఆయన పద్ధతే ప్రపంచమంతటా వాడుతున్నారు. ఆయన 2009లో పోయాడు.

మా వాడికి ఇప్పుడు ఆరేళ్లు. కడ్డీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. మొన్న దాన్ని తీసి, రెండు చివర్లా పట్టుకుని, "నాన్నా, ఇది ఏ బండిది?" అన్నాడు.