రక్తం గడ్డకట్టాక కొత్త రక్తనాళం మొలుస్తుంది

మన హాస్టల్ గ్రౌండులో కబడ్డీ ఆడి మోకాలు చెక్కుకుపోనివాడు ఉండడు. నేనూ అంతే. పక్కు కట్టిన రెండో రోజే గిల్లేసేవాణ్ణి. మళ్ళీ రక్తం, మళ్ళీ వార్డెన్ గారి తిట్లు. ఎందుకు గిల్లకూడదో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరాక గానీ నాకు తెలియలేదు.

దెబ్బ తగలగానే రక్తంలో త్రాంబిన్ అనే ఎంజైము తయారవుతుందనీ, అది ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మారుస్తుందనీ, ఆ దారాల వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ కడుతుందనీ హైస్కూల్లోనే చదువుకున్నాం. పాఠం అక్కడితో అయిపోయింది. కానీ గడ్డ పని అక్కడితో అయిపోదు.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ముందు సారవ కడతాడు కదా! ఫైబ్రిన్ వల అలాంటిదే. పక్కనున్న రక్తనాళాల గోడల్లోని కణాలు ఆ దారాలను పట్టుకుని గాయంలోకి పాకి, కొత్త కేశనాళికలను కడతాయి. వాటిని రమ్మని పిలిచేది గడ్డలోని ప్లేట్‌లెట్లు విడుదల చేసే వి.ఇ.జి.ఎఫ్. వంటి ప్రోటీన్లు. త్రాంబిన్ కూడా ఆ కణాలను నేరుగా ప్రేరేపిస్తుంది. కొన్ని రోజులకు పుండు అడుగున ఎర్రగా, గరుకుగా కనిపించే లేత కండ ఈ కొత్త నాళికలతో నిండినదే. పక్కు గిల్లితే తెగేది అవే.

పని పూర్తయ్యాక సారవ విప్పాలి. ప్లాస్మిన్ అనే ఎంజైము ఫైబ్రిన్‌ను కరిగిస్తుంది. చిత్రమేమిటంటే, ప్లాస్మిన్‌కు మూలమైన ప్లాస్మినోజన్‌లోని ఒక ముక్కకు కొత్త నాళాల పెరుగుదలను ఆపే శక్తి ఉంది. బోస్టన్‌లో జూడా ఫోక్‌మన్ ప్రయోగశాలలో 1994లో దీన్ని కనుగొని ఆంజియోస్టాటిన్ అని పేరు పెట్టారు. అంటే తోసేదీ, ఆపేదీ రెండూ రక్తం గడ్డకట్టే, కరిగే వ్యవస్థలోనే ఉన్నాయన్నమాట!

ఆపేది పనిచేయకపోతే? క్యాన్సర్ గడ్డలోని నాళాలు కారుతూ ఉంటాయి. బయటికి వచ్చిన ఫైబ్రినోజన్ ఫైబ్రిన్‌గా మారి, మళ్ళీ కొత్త నాళాలకు దారి వేస్తుంది. అందుకే హెరాల్డ్ డ్వొరాక్ 1986లో క్యాన్సర్ గడ్డలను మానని గాయాలతో పోల్చారు. వి.ఇ.జి.ఎఫ్.ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందును 2004లో అమెరికాలో క్యాన్సర్‌కు అనుమతించారు. అది వాడేవారికి గాయాలు ఆలస్యంగా మానుతాయి. కాబట్టి ఆపరేషన్ ముందూ, తర్వాతా దాన్ని కనీసం 28 రోజులు ఆపుతారు.

ఇదంతా నాకు పరీక్ష కోసం చదివిన పాఠం కాదు. మా నాన్న వ్యవసాయ కూలీ, షుగర్ ఉంది. చెరుకు మోడు గుచ్చుకుని కాలికి పుండు పడింది. తిమ్మిరి వల్ల నొప్పి తెలియక దానిమీదే నడిచాడు. చివరికి వేలు తీసేశారు. "రక్తం ఆ రోజే ఆగిందిగా, మరి పుండెందుకు మానలేదురా?" అని అడిగాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అయినా ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను: "రక్తం ఆగడం సగం పనే నాన్నా. కొత్త నాళాలు మొలిస్తేనే పుండు మానుతుంది. షుగర్ ఎక్కువైతే అవి సరిగా మొలవవు."

తమ్ముళ్ళూ! దెబ్బ తగిలితే శుభ్రమైన నీళ్ళతో కడగండి, పక్కు గిల్లకండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు షుగర్ ఉన్న అమ్మానాన్నల అరికాళ్ళు మీరే చూడండి. చిన్న పుండు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మన చదువు ముందుగా మన ఇంటికి పనికిరావాలి.